బెల్జియం వంటలకు వేళ్లెక్కడ?

మన విద్యార్థులకు బెల్జియం అనే పేరు చరిత్ర పాఠాలలో రెండుచోట్ల మాత్రమే తగులుతుంది. 1815లో నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ ఆ దేశంలోనిది. 1914లో జర్మన్ సేనలు సరిహద్దు దాటి చొచ్చుకొనివచ్చిన తటస్థ రాజ్యమూ అదే. పరీక్షకు ఈ రెండూ చాలు. కాని యుద్ధాలు చేసినవారి పేర్లు వల్లించి, ఆ యుద్ధాల నడుమ జనం ఏమి తిని బ్రతికారన్నది విడిచిపెట్టే చదువు సగం చదువేనని మా అభిప్రాయం. అందుచేత ఈ సంచికలో కావ్యచర్చను ఒక ప్రక్కకు పెట్టి, పాఠకులను ఆ దేశపు వంటింటిలోనికి తీసుకొని వెళ్లదలచాము. కూటిని గూర్చి వ్రాయడం తెలుగు అధ్యాపకునికి తగునా అని ఎవరైనా శంకించవచ్చు. పలనాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుని పేరిట ప్రచారంలో వున్న చాటువులను ఎరిగినవారు ఆ శంక పెట్టుకోరు.

బెల్జియం 1830లో స్వతంత్ర రాజ్యంగా వెలసినది. వైశాల్యంలో మన రాష్ట్రాల ముందు చాలా చిన్నది. ఉత్తరాన డచ్చి భాష మాట్లాడే ఫ్లెమిష్ ప్రజలు, దక్షిణాన ఫ్రెంచి మాట్లాడే వలోన్ ప్రజలు, తూర్పు అంచున కొద్దిపాటి జర్మన్ భాషీయులు, నడుమ రెండు భాషల నగరమైన బ్రస్సెల్స్. 1962, 63 సంవత్సరాలలో చట్టం చేసి భాషల మధ్య గీత గీచారు. ఆ గీత ఎంతదాకా పోయినదంటే, 1425లో స్థాపితమైన లూవెన్ విశ్వవిద్యాలయం 1968లో భాషాకలహం వల్ల రెండుగా చీలవలసివచ్చింది. గ్రంథాలయాన్ని పంచుకొన్న తీరు వింటే పుస్తకప్రియుల గుండె తరుక్కుపోతుంది. గ్రంథసంఖ్య సరిసంఖ్య అయిన పుస్తకాలు ఒకరికి, బేసిసంఖ్య అయినవి మరొకరికి. ఒకే గ్రంథపు సంపుటాలు కొన్ని ఇటు, కొన్ని అటు పోయినవి. కుడివైపు నుండి ఉర్దూ, ఎడమవైపు నుండి తెలుగు మొదలై నడుమ కలుసుకొనే ఈ వార్షిక సంచిక పాఠకులకు ఆ పంపకంలోని బాధను వివరించి చెప్పనక్కరలేదు.

రాజకుటుంబమూ ఫుట్‌బాల్ జట్టూ తప్ప ఆ రెండు జాతులకు ఉమ్మడి ఆస్తి లేదని అక్కడ ఒక హాస్యోక్తి వున్నది. అందులో వంటను చేర్చకపోవడం అన్యాయం. చట్టం గీచిన గీతను కుండలూ పొయ్యిలూ ఏనాడూ లెక్కచేయలేదు. ఐతే, అది "అచ్చమైన మా జాతి వంట" అని గర్వించే బెల్జియన్లతోనూ మాకు ఏకీభావం లేదు. ఆ వంట ఉమ్మడిది, కాని స్వయంభువు కాదు. ఏ వంటకాన్ని పట్టుకొని వేరు లాగినా ఆ వేరు దేశపు ఎల్లలు దాటి ఎక్కడికో పోతుంది. ఎవరు కనిపెట్టారన్న దావా వంటకాలకు ఒక విధమైన పట్టా పుట్టించే ప్రయత్నం. ఎవరు వండుకొని తిన్నారన్నదే వాటి నిజమైన చరిత్ర.

ముందుగా ఆ దేశంలో ఇంటింటా వండే మాంసపు కూరను చూద్దాము. ఫ్లెమిష్ వారు దానిని స్టోఫ్‌వ్లేస్ అంటారు. ఉడికించిన మాంసమని అర్థం, ఆడంబరం లేని పేరు. ఫ్రెంచి మాట్లాడేవారు అదే కూరను "ఫ్లెమిష్ కార్బొనాడ్" అంటారు. పార్లమెంటులో ఫ్లెమిష్ వారితో మాట కలియకపోయినా కూరకు మాత్రం వారి పేరే పెట్టుకొన్నారన్నమాట! గొడ్డుమాంసాన్ని ముక్కలు కోసి వేయించి, ఉల్లిపాయలు బాగా ఎర్రబడిన తరువాత కలిపి, ముదురురంగు బీరు పోసి సన్నని సెగమీద గంటల తరబడి మగ్గనిస్తారు. రొట్టెముక్కకు ఆవపిండి ముద్ద దట్టంగా పూసి, పూసిన వైపు క్రిందికి వచ్చేటట్లు కూరమీద పరుస్తారు. ఆ రొట్టె క్రమంగా కరిగిపోయి పులుసుకు చిక్కదనం ఇస్తుంది. గట్టిగా వుండే చౌకరకపు మాంసాన్ని మెత్తబరచుకోవడానికీ, ఎండిన రొట్టెను పారవేయకుండా వాడుకోవడానికీ ఒకే కుండలో దొరికిన ఉపాయం ఇది. లేమిని ఎరిగిన గృహిణి తెలివి ఇందులో కనబడుతుంది. రాజుల వంటశాలలో ఇటువంటిది పుట్టదు.

బీరు ఎందుకు వచ్చినదని అడుగవచ్చు. ద్రాక్షకు కావలసిన ఎండ ఆ చలిదేశంలో చాలదు. యవలు పండుతాయి, హాప్స్ తీగ పెరుగుతుంది. కనుక ఫ్రాన్సులో ద్రాక్షసారాయం చేసే పనిని ఇక్కడ బీరు చేస్తున్నది. మఠాలలోని సన్యాసులు దానిని కాచి అమ్ముకొని పోషణ జరుపుకొన్నారు, నేటికీ కొన్ని ట్రాపిస్టు మఠాలలో ఆ పని సాగుతున్నది. 2016లో యునెస్కో బెల్జియం బీరు సంస్కృతిని మానవజాతి అమూర్త వారసత్వాల జాబితాలో చేర్చినది. మద్యం నిషిద్ధమైన ఇండ్లలో పుట్టినవారము కనుక దాని రుచిని గూర్చి మేము తీర్పు చెప్పజాలము. నేల ఏమి ఇస్తే దానితోనే వంట నడుస్తుందన్న సంగతికి అది చక్కని నిదర్శనమని మాత్రం చెప్పగలము.

గెంట్ నగరపు వాటర్‌జోయ్ కూడా అటువంటిదే. మొదట నదిలో దొరికిన చేపలతో కాచిన పులుసు. ఇప్పుడు కోడిమాంసం, క్యారెట్, ఉల్లికాడలను పోలిన లీక్, మీగడ, గ్రుడ్డు పచ్చసొన వేసి చేయడమే ఎక్కువ. బ్రస్సెల్స్ వారి స్టూంప్ అనేది కూరగాయలతో కలిపి మెదిపిన దుంపముద్ద. ఉత్తరసముద్ర తీరాన ఊస్ట్‌డౌన్‌కెర్క్ అనే గ్రామంలో బలిష్ఠమైన బండిగుర్రాలను ఛాతీలోతు నీళ్లలో నడిపించి వలలాగి రొయ్యలు పట్టే పద్ధతి ఇంకా మిగిలివున్నది, 2013లో దానికీ యునెస్కో గుర్తింపు లభించినది. విట్‌లోఫ్ అనే తెల్లని ఆకుకూరను వేళ్లు పాతి చీకటిలో మొలిపిస్తారు. వెలుతురు తగిలితే పచ్చబడి చేదెక్కుతుందట. ఇవన్నీ వివరించడానికి స్థలం చాలదు.

ఐతే ఆ దేశానికి ప్రపంచంలో పేరు తెచ్చినది వేపిన బంగాళాదుంప. దానిని వారు ఫ్రీట్ అంటారు. వ్రేలి మందాన పొడవుగా తరిగి, మొదట తక్కువ వేడిలో లోపల ఉడికేదాకా వేపి, తీసి ఆరబెట్టి, మరల ఎక్కువ వేడిలో పైపొర కరకరలాడేటట్లు వేపుతారు. పూర్వాచారం ప్రకారం వేపుడు పశువుల కొవ్వులోనే. కాగితపు పొట్లంలో పోసి, పైన మయొనైజ్ అనే తెల్లని ముద్ద వేసి ఇస్తారు. వీధి మలుపులలో, చర్చి ముందటి మైదానాలలో వుండే ఆ చిన్న దుకాణాన్ని ఫ్రీట్‌కోట్ అంటారు, వేపుడు గుడిసె అని అర్థం. అక్కడ న్యాయమూర్తీ బండి తోలేవాడూ ఒకే వరుసలో నిలబడతారు.

ఇంగ్లీషులో దీనికి "ఫ్రెంచి వేపుడు" అని పేరు పడడం బెల్జియన్లకు తగని మనస్తాపం. దుంపవేపుడు మాదని ఫ్రెంచివారు, కాదు మాదని వీరు వాదులాడుకొంటూనే వున్నారు. బెల్జియం పక్షాన ఒక ముచ్చటైన కథ ప్రచారంలో వున్నది. మ్యూజ్ నది ఒడ్డున నామూర్ ప్రాంతపు బీదలు చిన్నచేపలను వేపుకొని తినేవారట. 1680లో నది గడ్డకట్టగా చేపలు దొరకక, దుంపలను చేపల ఆకారంలో తరిగి వేపుకొన్నారట. ఈ కథకు మూలం 1781 నాటిదని చెప్పిన ఒక వ్రాతప్రతి. దానిని ప్రచారంలోకి తెచ్చినవాడు జో జెరార్ అనే రచయిత. పియర్ లెక్లెర్క్ అనే బెల్జియన్ చరిత్రకారుడే దీనిని ఖండించాడు. 1680 నాటికి ఆ ప్రాంతంలో బంగాళాదుంప సేద్యమే లేదు. పైగా ఆ కాలపు బీదవానికి దుంపలు మునిగేటంత కొవ్వు ఎక్కడిది? తన దేశానికి కీర్తి తెచ్చే కథను తన దేశస్థుడే సాక్ష్యం లేదని త్రోసిపుచ్చడం మాకు ఆ వేపుడుకన్న ఎక్కువ రుచించిన సంగతి. చరిత్ర చదివే విద్యార్థులు గమనింతురు గాక.

నిజానికి ఆ దుంప దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలది. మనమూ దానిని బెంగాలుకు అంటగట్టి బంగాళాదుంప అంటున్నాము. తెలంగాణంలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. ఏ పేరూ దాని పుట్టినిల్లు చెప్పదు. 1588లో మోన్స్ పట్టణపు అధికారి ఫిలిప్ ద సివ్రీ రెండు దుంపలను వియన్నాలో వున్న వృక్షశాస్త్రజ్ఞుడు క్లూసియస్‌కు పంపాడు. 1604లో లియేజ్ నగరంలో అచ్చయిన లాన్స్‌లో ద కాస్తో వంటల గ్రంథంలో, చరిత్రకారులు బంగాళాదుంపగానే భావించే ఒక దుంపను ఉడికించి, తొక్కతీసి, కోసి, వెన్నా మిరియాలూ వేసి తినే విధానం కనబడుతుంది. అది ప్రభువుల భోజనం. జనసామాన్యం దానిని అక్కున చేర్చుకొన్నది పద్దెనిమిదవ శతాబ్దంలో.

చేర్చుకొన్న తరువాత దానిమీదనే ఆధారపడిపోయారు. 1845 వేసవిలో దుంపతెగులు యూరపులో తొలిసారి బయటపడినది ఫ్లాండర్స్‌లోని కోర్ట్‌రైక్ ప్రాంతంలో. ఆపైననే అది ఐర్లండుకు పాకినది. ఐర్లండు కరువును లోకం ఎరుగును, ఫ్లాండర్స్ కరువును ఎరిగినవారు కొద్దిమంది. ఆ ఏటి దుంపపంటలో అత్యధికభాగం కుళ్లిపోయినది, మరుసటి సంవత్సరం ధాన్యం కూడా సరిగా పండలేదు. సరిగా ఆ కాలంలోనే ఇంటింటా నారబట్ట నేసుకొని బ్రతికే ఫ్లెమిష్ నేతగాండ్ర వృత్తిని యంత్రపు నూలు దెబ్బతీసినది. మగ్గం ఆగినది, దుంప కుళ్లినది. వెనువెంటనే విషజ్వరాలు. వేలాదిమంది మరణించారు, ఎందరో పనికోసం ఫ్రాన్సుకూ దక్షిణాది బొగ్గు గనులకూ వలసపోయారు. మగ్గం ఆగితే ఇల్లు ఏమవుతుందో నేతకుటుంబాల నుండి వచ్చిన మన విద్యార్థులకు వేరే చెప్పవలసిన పని లేదు.

ఆ కరువు దశాబ్దంలోనే బెల్జియం తిరునాళ్లలో వేపుడు దుంపల డేరాలు కనబడసాగినవి. వాటిని ప్రసిద్ధం చేసినవాడు ఫ్రిట్జ్ అని జనం పిలిచిన క్రీగర్. అతడు బవేరియాలో పుట్టిన జర్మన్, వేపుడు నేర్చుకొన్నది పారిస్‌లో. ఆండీస్ దుంప, పారిస్ విద్య, జర్మన్ వ్యాపారి, లియేజ్ తిరునాళ్లు! పట్టా ఎవరి పేర వ్రాస్తారు? మా దృష్టిలో ఆ వంటకం నిస్సందేహంగా బెల్జియందే. వారు కనిపెట్టడం వల్ల కాదు. ఆకలినాటి దుంపను తరువాతి తరాలవారు పండుగవంటగా మార్చుకొన్నారు కనుక.

మరొక వేరు మన పాఠకులకు ఇంకా దగ్గరది. ఫ్రాన్సు సరిహద్దున షిమే ప్రాంతంలో ఎస్కవేష్ అనే వంటకం వున్నది. చేపను, ముఖ్యంగా మలుగుచేపను వేయించి, ఉల్లిపాయలతో సిర్కాలో నానవేసి చల్లగా తింటారు. ఆ గడ్డను స్పెయిన్ రాజులు ఏలిన కాలపు జ్ఞాపకంగా దీనిని చెబుతారు. స్పానిష్ భాషలో ఎస్కబేచె, దానికి మూలం అరబ్బీలోని సిక్‌బాజ్, ఆ అరబ్బీ మాటకు మూలం ప్రాచీన పారసీకం. "సిక్" అనగా సిర్కా. బాగ్దాదులో 1226లో అల్ బాగ్దాదీ కూర్చిన వంటల గ్రంథంలో సిక్‌బాజ్ వండే విధానం వున్నది. ఇరాన్ నుండి బాగ్దాదుకు, అక్కడి నుండి అందలూసియాకు, స్పెయిన్ సైనికుల వెంట ఆర్డెన్ అడవుల అంచుదాకా ఒక పులుపు నడచిపోయినది. మాంసం చేపగా మారినది, మతాలూ రాజ్యాలూ మారినవి, పేరు మాత్రం కొద్దిగా అరిగి మిగిలినది. పదాల వ్యుత్పత్తి ఎందుకు చదవాలని అడిగే విద్యార్థులు ఈ ఒక్క మాటను వెంబడించి చూడవచ్చును.

డిసెంబరు 6న, సెయింట్ నికోలస్ పండుగనాడు, అక్కడి పిల్లలకు కొయ్య అచ్చులలో ఒత్తి కాల్చిన స్పెక్యులోస్ అనే బిస్కట్లు పెడతారు. వాటి పరిమళం దాల్చినచెక్కది, లవంగానిది, జాజికాయది. ఇవేవీ ఆ నేలపై మొలిచేవి కావు. వాస్కో డ గామా 1498లో కాలికట్ తీరం చేరిన మూడేండ్లకే, 1501లో, పోర్చుగీసు సుగంధద్రవ్యాల ఓడ ఆంట్వర్ప్ రేవుకు వచ్చినది. అటుపిమ్మట కొన్ని దశాబ్దాలు ఉత్తర యూరపుకు మిరియాల అంగడి ఆ రేవే. 1722లో ఆస్టెండ్ రేవు వర్తకులు చక్రవర్తి ఆరవ చార్లెస్ వద్ద అనుమతి పొంది ఒక కంపెనీ పెట్టి, మన కోరమాండల్ తీరంలో, చెన్నైకి దక్షిణాన వున్న కోవళంలో ఒక వర్తకస్థానం కూడా నడిపారు. ఇంగ్లీషు, డచ్చి కంపెనీలకు అది కంటగింపై, వారి ఒత్తిడికి లొంగి 1727లో చక్రవర్తి దానిని నిలిపివేశాడు.

సుగంధాల కథ చెప్పి చాకొలెట్ కథను దాటవేయడం న్యాయం కాదు. బ్రస్సెల్స్‌లో 1857లో మందుల దుకాణంగా మొదలైన నాయ్‌హౌస్ వారి అంగడిలో 1912లో లోపల తియ్యని ముద్ద నింపిన ప్రలీన్ పుట్టినది. నేడు ఆ దేశం పేరుతో ముడిపడిన మిఠాయి అదే. ఆ నాలుగేండ్లకు ముందుదాకా, 1885 నుండి 1908 వరకు, కాంగోను రెండవ లియోపోల్డ్ రాజు సొంత జమీనువలె ఏలి, రబ్బరు కోసం అక్కడి ప్రజలను ఎన్ని హింసలు పెట్టాడో, చేతులు నరకడం ఎట్లా సాగినదో 1904 నాటి కేస్‌మెంట్ నివేదిక లోకానికి తెలిపినది. ఆంట్వర్ప్ నగరంలో చేయి ఆకారపు బిస్కట్లు, చాకొలెట్లు అమ్ముతారు. అవి నదిలో విసరివేయబడిన ఒక రాక్షసుని చేతిని గూర్చిన పురాతన గాథకు గుర్తు, కాంగోతో వాటికి సంబంధం లేదు. ఐనా కాంగో చరిత్ర చదివినవాని కంటికి ఆ అద్దాల బీరువా ముందు వేరొకటి తోచకమానదు. వంటకాల వేళ్లు వెదకేవారు తియ్యనివేళ్లు మాత్రమే ఏరుకోరాదు.

ఇక ఇటీవలి కాలానికి వద్దాము. రెండవ ప్రపంచయుద్ధం తరువాత బొగ్గుగనులలోకి దిగడానికి స్థానికులు ముందుకు రాకపోగా, బెల్జియం 1946లో ఇటలీతో ఒప్పందం చేసుకొని కూలీలను రప్పించినది. 1956 ఆగస్టు 8న మార్సినెల్ గనిలో అగ్నిప్రమాదం జరిగి 262 మంది మరణించారు, వారిలో 136 మంది ఇటాలియన్లు. 1964లో మొరాకోతోనూ టర్కీతోనూ ఒప్పందాలు జరిగినవి. గనులు మూతపడినవి, మనుషులు మిగిలారు. 1974లో ఇస్లాంకు చట్టబద్ధమైన గుర్తింపు లభించినది. ఇప్పుడు బ్రస్సెల్స్‌లో కొవ్వుకు బదులు నూనెలో వేపే హలాల్ ఫ్రీట్ దుకాణాలున్నవి. మయొనైజ్‌లో ఉత్తరాఫ్రికా కారపుముద్దయైన హరీసాను కలిపి "సమురాయ్" అనే పేరుతో వడ్డించే చట్నీని కారం మరిగిన బెల్జియన్లందరూ తింటున్నారు. మూడువందల ఏండ్ల తరువాత ఎవరైనా దానిని అచ్చమైన బెల్జియం చట్నీ అని వాదిస్తే మేము ఆశ్చర్యపడబోము.

2010 జూన్ 13 ఎన్నికల తరువాత ఆ దేశంలో భాషాపక్షాలు రాజీకి రాలేక 541 రోజులు పూర్ణాధికార ప్రభుత్వమే ఏర్పడలేదు. 2011 ఫిబ్రవరి 17న రెండు భాషల విద్యార్థులూ వీధులలోకి వచ్చి, మా పేరు చెప్పి కలహించవద్దని నాయకులను మందలిస్తూ, దారిన పోయేవారికి ఫ్రీట్ ఉచితంగా పంచిపెట్టారు. దానికి "ఫ్రీట్ విప్లవం" అని పేరు వచ్చినది. చీలిపోయిన లూవెన్ విద్యార్థులు కూడా అందులో వున్నారు. రాళ్లు విసరకుండా చేసిన ఆ నిరసన మన యువకులు తెలుసుకోదగినది.

ఐతే అదే వంటింటిలో ఇంకొక తగవు తలెత్తినది. జంతువుకు ముందుగా స్పృహ తప్పించకుండా వధించడాన్ని ఫ్లాండర్స్ 2019 జనవరి 1 నుండి, వలోనియా ఆ ఏడు సెప్టెంబరు 1 నుండి నిషేధించినవి. ముస్లిములూ, ఆంట్వర్ప్‌లో తరతరాలుగా వున్న యూదులూ కలిసి న్యాయస్థానాలకెక్కారు. ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2020 డిసెంబరులో, స్ట్రాస్‌బర్గ్ మానవహక్కుల న్యాయస్థానం 2024 ఫిబ్రవరిలో నిషేధాన్ని సమర్థించినవి. మూగజీవి బాధను తగ్గించాలన్న కోరిక తేలికగా కొట్టివేయదగినది కాదు. కత్తి పదునుగా వుండాలని, ఒక జంతువు ఎదుట మరొక దానిని కోయరాదని మన పెద్దలు నేర్పినదీ ఆ దయనే. నిషేధాన్ని కోరినవారందరినీ ద్వేషులని నిందించడం సరికాదని మా మతం. కాని జీవకారుణ్యమనే త్రాసు ఒకటే అయినప్పుడు, వేలాది పందులను, కోళ్లను యంత్రాల మధ్య పెంచి చంపే పరిశ్రమను వదలి, అల్పసంఖ్యాకుల పళ్లెంమీదనే ముందుగా చట్టం చేయడం మాకు సమంజసంగా తోచలేదు. వేరుచోట వధించి తెచ్చుకొన్న మాంసాన్ని తినడానికి అడ్డు లేదు కదా అని న్యాయస్థానం చూపిన సమాధానం ఆ సందేహాన్ని తీర్చకపోగా పెంచినది. బాధపడే జంతువు గీతకు అవతల వుంటే అభ్యంతరం లేదనా?

2022 జూన్‌లో బ్రస్సెల్స్ ప్రాంతీయ శాసనసభ అటువంటి నిషేధాన్ని చర్చించి, ఓటుతో తిరస్కరించినది. కనుక లూవెన్‌లో నివసించే ఒక మొరాకో సంతతి కుటుంబం జబీహా మాంసంతో స్టోఫ్‌వ్లేస్ వండుకోవాలంటే, బీరుకు బదులు ఆపిల్ రసం పోసుకొన్నా మాంసం మాత్రం ఇతరచోట వధింపబడినదై వుండాలి. లూవెన్‌కు బ్రస్సెల్స్ సుమారు 25 కిలోమీటర్లు. రైలులో అరగంట ప్రయాణం.